రెండేళ్ళ పిల్లల ప్లేడేట్: ఇంటికి పిలవాలా, బయట కలవాలా?

నల్లగండ్ల_అమ్మ | శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఈ మధ్యే హైదరాబాద్‌లో నల్లగండ్లకి మారాం. మావాడికి రెండేళ్ళ రెండు నెలలు. పగలంతా ఆయమ్మతో ఉంటాడు, నేను ఆఫీసు నుంచి వచ్చాక నాతో, ఆదివారం వాళ్ళ నాన్నతో. తోటి పిల్లలు కనబడితే నా చున్నీ వెనక దాక్కుంటాడు. మా టవర్లోనే ఈ వయసు పిల్లలున్న ముగ్గురు తల్లులు లిఫ్టులో పరిచయమయ్యారు. పిల్లలు ఆడుకోవడానికి అందర్నీ ఒకరోజు ఇంటికి పిలుద్దామని ఉంది, ప్లేడేట్ అంటారు కదా, అది.

ఎంతమందిని పిలవాలి, ఎంతసేపు ఉంచాలి, ఏం ఆడించాలి, ఏం పెట్టాలి? ఆన్‌లైన్లో వెతికితే థీమ్ అంటారు, బెలూన్లంటారు, రిటర్న్ గిఫ్టులంటారు. చదువుతుంటేనే నీరసం వచ్చింది. ఇంకో సంగతి, నాక్కూడా ఇక్కడ మనసు విప్పి మాట్లాడే మనిషి లేదు. పిల్లల వెనక పరుగులు పెట్టడమే కాకుండా మేమూ నాలుగు మాటలు చెప్పుకునేలా ఉండాలి. చేసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

డబల్_డ్యూటీ | శనివారం రాత్రి 10:40

మణికొండ నుంచి. కవలలు, ఇద్దరికీ రెండున్నర.

ముగ్గుర్నీ ఒకేసారి వద్దండీ. ఒక్కో పిల్లకి ఒక అమ్మ, ఒక్కో అమ్మకి ఒక పెద్ద సంచి, గుమ్మంలో చెప్పులు, స్ట్రోలర్లు. మీ హాలు ఎంత పెద్దదైనా చాలదు. ముందు ఒక్క కుటుంబాన్ని పిలవండి. ఆ ఇద్దరు పిల్లలూ ఒకరికొకరు అలవాటయ్యాక మూడోవాళ్ళ సంగతి చూద్దురు.

టైము పొద్దున పదింటికి పెట్టుకోండి. పదకొండున్నరకల్లా ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి, అన్నం తిని, పడుకోవాలి. నిద్రవేళ దాటిన రెండేళ్ళ పిల్లకి ఏ ఆటా నచ్చదు. పిలిచేటప్పుడే "10 నుంచి 11:30" అని వాట్సాప్‌లో రాసేయండి. ఇంటికొచ్చినవాళ్ళని ఎప్పుడెళ్తారని అడగలేం కదా మనం. ముందే రాసుంటే వాళ్ళే లేస్తారు.

బొమ్మల దగ్గర ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వాడికి ప్రాణమైనవి ముందురోజు రాత్రే అటకెక్కించండి. బయట ఉంచేవి అచ్చం ఒకేలాంటివి రెండేసి ఉండాలి. ఎర్ర కారు ఒకటి, నీలం కారు ఒకటి ఉంటే రెండు కార్లున్నట్టు కాదు. ఇద్దరికీ ఎర్రదే కావాలి. కవలల తల్లిగా ప్రమాణం చేసి చెప్తున్నా.

నిద్రలేని_నాన్న | శనివారం రాత్రి 11:05

మస్తు చెప్పిన్రు అక్కా, ఎర్ర కారు సంగతి. మా ఇంట్ల అయితే ఎర్ర చెంచా.

నల్లగండ్ల_అమ్మ | శనివారం రాత్రి 11:15

థాంక్స్ డబల్ గారూ. కానీ ఇష్టమైన బొమ్మలు దాచేస్తే వాడికి ఇవ్వడం, పంచుకోవడం ఎలా వస్తుంది? అసలు నలుగురిలో కలవాలనే కదా ఈ ప్రయత్నమంతా.

చింటూ_వాళ్ళ_నాన్న | ఆదివారం ఉదయం 6:50

కొండాపూర్. ఈ ప్రశ్న మా ఇంట్లో కూడా పెద్ద చర్చే అయింది.

రెండేళ్ళప్పుడు పిల్లలు కలిసి ఆడరండీ, పక్కపక్కన ఆడతారు. దీని మీద మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ 1932లోనే పేపర్ రాసింది. నర్సరీ పిల్లల్ని గమనించి, ఒంటరిగా ఆడటం, పక్కన చూస్తూ ఉండటం, పక్కపక్కన ఎవరి ఆట వాళ్ళు ఆడటం, కలిసి ఆడటం, ఇలా విడదీసి చెప్పింది. వయసు పెరిగేకొద్దీ కలిసి ఆడటం ఎక్కువవుతుంది. రెండేళ్ళవాళ్ళకి పక్కపక్క ఆటే ఎక్కువ. కాబట్టి "ఇద్దరూ కలవలేదు, ప్లేడేట్ ఫెయిల్" అనుకోనక్కర్లేదు.

మా అపార్ట్‌మెంట్లో ఇసుక గుంత ఉంది. మావాడు కప్పుతో ఇసుక నింపుతుంటాడు, పక్కన పాప డబ్బాలోది ఒలకబోస్తుంటుంది. అరగంట సేపు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మర్నాడు పొద్దున స్నానం చేయిస్తుంటే మావాడు మగ్గు పట్టుకుని అచ్చం ఆ పాపలాగే, మణికట్టు తిప్పి, నోటితో "డుబుక్" అంటూ పోస్తున్నాడు. చూడలేదనుకున్నది మనమే.

పంచుకోవడం నేర్పొచ్చు గానీ బలవంతంగా లాక్కుని ఇప్పించకండి. "పాప ఆడుకుంటోంది, తర్వాత నీ వంతు" అనడం, ఆ వంతు నిజంగా వచ్చేలా చూడటం, అంతే.

సీతాఫల్‌మండి_తాతయ్య | ఆదివారం ఉదయం 7:30

క్షమించాలి, ఈ ప్లేడేట్ అన్నది ఏమిటో చదివితేగానీ అర్థం కాలేదు. 1970ల్లో మేము రైల్వే క్వార్టర్లలో ఉండగా మా పిల్లల్ని వాకిట్లోకి వదిలేసేవాళ్ళం. ఎవరింట్లో ఆకలేస్తే వాళ్ళింట్లో తినేవాళ్ళు. దీనికి టైమూ, ఆహ్వానమూనా? పిల్లల ఆటకి కూడా అపాయింట్‌మెంటా?

మల్కాజిగిరి_మామ్మ | ఆదివారం ఉదయం 8:10

తాతగారూ, ఆ వాకిలి ఏదండీ ఇప్పుడు? మా అమ్మాయి ఉండేది పద్నాలుగో అంతస్తు. తలుపు తీస్తే లిఫ్టు. రెండేళ్ళ పిల్లాణ్ణి ఎక్కడికి వదలమంటారు? ఆ రోజుల్లో వాకిట్లో వదిలేశాం అంటారు గానీ, నాలుగు గుమ్మాల్లో నలుగురు ఆడవాళ్ళు బియ్యం ఏరుకుంటూ ఒక కన్ను అటే వేసి ఉంచేవాళ్ళు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరిగినట్టు మగవాళ్ళకి కనిపించేది.

నల్లగండ్ల అమ్మాయీ, నీకు ఒక మాట చెప్తానమ్మా. నేను ఆర్నెల్లు ఇక్కడ మల్కాజిగిరిలో, ఆర్నెల్లు కూతురి దగ్గర ఉంటాను. కూతురి అపార్ట్‌మెంట్లో సాయంత్రం అయిదింటికి కింద లాన్‌లోకి వెళ్ళి చూడు. అమ్మమ్మలు, నానమ్మలు, ఆయమ్మలు, వాళ్ళ చేతుల్లో చిన్న పిల్లలు. రోజూ అదే చోటు, అదే వేళ. ఎవరి పిల్లాడు ఎవరిని గిచ్చుతాడో, ఎవరికి పాలు పడవో, ఎవరికి ఏ పాట పాడితే నవ్వుతారో అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. అదంతా జరిగిపోయి చీకటి పడ్డాక మీరు ఆఫీసు నుంచి వచ్చి "మావాడికి ఫ్రెండ్స్ లేరు" అంటారు.

మీ ఆయమ్మని అడిగావా, మీవాడు సాయంత్రం ఎవరితో ఆడుతున్నాడో?

డబల్_డ్యూటీ | ఆదివారం ఉదయం 8:25

మామ్మగారూ 🙏🙏

నల్లగండ్ల_అమ్మ | ఆదివారం ఉదయం 9:45

ఇప్పుడే ఆయమ్మకి ఫోన్ చేసి అడిగాను. "సి బ్లాకులో కుందేలు చెప్పులేసుకునే పాప ఉంది కదమ్మా, బాబు ఆ పాప కనపడితేనే చారన్నం తింటాడు" అంది! ఆ పాప పేరు కూడా నాకు తెలీదు. వాళ్ళమ్మ నా లిఫ్టు జాబితాలో లేనే లేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మల్కాజిగిరి_మామ్మ | ఆదివారం ఉదయం 10:02

నవ్వు తల్లీ. ముందు ఆ కుందేలు చెప్పుల పాప వాళ్ళని పిలు. లిఫ్టులోవాళ్ళు ఎక్కడికీ పోరు.

పిలిచినప్పుడు మీ ఆయమ్మనీ, వాళ్ళ ఆయమ్మ ఉంటే ఆవిడనీ కూర్చోబెట్టు. కొన్ని ఇళ్ళల్లో చూస్తుంటాను, తల్లులు సోఫాలో, ఆయాలు గోడవారన నిలబడి. పిల్లాడికి రోజంతా అన్నం పెట్టే మనిషికి ఒక కుర్చీ, ఒక కప్పు టీ ఇవ్వడానికి ఏం పోతుంది?

మోడరేటర్ | ఆదివారం ఉదయం 11:20

మాల్ ప్లేజోన్ కూపన్లు పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. ప్రకటనలు వద్దు. చర్చ కొనసాగించండి.

పిల్లల_సిస్టర్ | ఆదివారం మధ్యాహ్నం 2:15

పిల్లల వార్డులో నర్సుగా చేస్తాను. ఇంకా తిండి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా.

మన ఇళ్ళల్లో ఎవరైనా వస్తే టీపాయ్ మీద ఒక పళ్ళెంలో పల్లీలు, బఠాణీలు, మిక్స్చర్ పెట్టడం అలవాటు. పెద్దవాళ్ళ కోసమే పెడతాం. ఆ టీపాయ్ ఎత్తు సరిగ్గా రెండేళ్ళ పిల్ల చెయ్యందేంత! పల్లీ గింజ, బఠాణీ, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్, పచ్చి క్యారెట్ ముక్క, ఇవి ఈ వయసువాళ్ళకి గొంతుకి అడ్డం పడతాయి. నాలుగేళ్ళు నిండేదాకా దూరంగానే ఉంచాలి. ద్రాక్ష గుండ్రంగా ఇవ్వకండి, నిలువునా నాలుగు ముక్కలు చెయ్యండి. జంతికలు, చెగోడీలు కూడా పెద్దవాళ్ళు డైనింగ్ టేబుల్ దగ్గరే తినెయ్యండి. పిల్లలకి ఇడ్లీ ముక్కలు, అరటిపండు, మెత్తగా ఉడికిన చిలగడదుంప, పెరుగన్నం చాలు. కూర్చోబెట్టి పెట్టండి. నోట్లో ముద్దతో పరిగెత్తనివ్వద్దు.

ఒకవేళ అడ్డం పడితే, పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, గొంతు రాక గిలగిల్లాడుతుంటే ముందుకి వంచి రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో 5 సార్లు కొట్టండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి పైన లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి. అది బయటికొచ్చేదాకా ఇవే మార్చి మార్చి చెయ్యాలి. (ఇది ఏడాది దాటినవాళ్ళకి. పసికందులకి పొట్ట నొక్కకూడదు.) ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. వస్తువు కనబడకుండా నోట్లో వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ప్లేడేట్‌కి వచ్చే పెద్దల్లో ఒక్కరికైనా ఇది చెయ్యడం వచ్చుండాలి.

రెండోది, ఇల్లు ఒకసారి మోకాళ్ళ మీద పాకుతూ చూసుకోండి. టీవీ రిమోట్ వెనక మూత, పాటలు పాడే బొమ్మ అడుగున స్క్రూ గట్టిగా ఉన్నాయో లేదో చూడండి, లోపల బ్యాటరీలుంటాయి. బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం ఉన్నా ఆస్పత్రికి పరిగెత్తాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. నీళ్ళల్లో ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు సెన్సరీ ఆటలంటూ అమ్ముతారు. మింగితే పేగుల్లో ఉబ్బుతాయి. ఇంట్లోకే తేవద్దు. బెలూన్లు కూడా అంతే, పగిలిన ముక్క నోట్లో పెట్టుకుంటారు.

మూడోది వానాకాలం. ఈ సీజన్లో హ్యాండ్-ఫుట్-మౌత్ బాగా తిరుగుతుంది. జ్వరం, నోట్లో పుళ్ళు, అరచేతుల్లో, అరికాళ్ళల్లో పొక్కులు. మొదటి వారం ఎక్కువ అంటుకుంటుంది. దానికి శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు, సబ్బుతో చేతులు కడగాల్సిందే. ముఖ్యంగా డయపర్ మార్చాక, ఎందుకంటే పిల్ల తేరుకున్నాక కూడా కొన్ని వారాలపాటు మలంలో వైరస్ వస్తూ ఉంటుంది. "కొంచెం వేడిగా ఉన్నాడు, అయినా మాటిచ్చాం కదా అని తెచ్చాం" అనే మొహమాటం దయచేసి వదిలెయ్యండి. గ్రూపులో ముందే రాసుకోండి: ఒళ్ళు వెచ్చగా ఉంటే ఆ వారం లేదు, ఎవరూ ఏమీ అనుకోరు.

నిద్రలేని_నాన్న | ఆదివారం మధ్యాహ్నం 2:50

సిస్టర్, ఇది చదివి లేచి పొయ్యి రిమోట్ మూతకి టేప్ ఏసొచ్చిన.

బోరబండ_అమ్మ | ఆదివారం మధ్యాహ్నం 3:30

అందరూ హాలు, బాల్కనీ, లాన్ అంటున్నరు. మాది రెండు రూముల ఇల్లు. అత్తమ్మ, మామయ్య, మేము, ఇద్దరు పిల్లలు. గీ ఇంటికి ఎవరిని పిలుస్త? అందుకని బయటనే కలుస్తం.

మా గల్లీ నుంచి మేము ముగ్గురం, పిల్లల్ని తీసుకొని బోరబండ స్టేషన్ల ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి సంజీవయ్య పార్కు కాడ దిగుతం. స్టేషన్ పేరే సంజీవయ్య పార్కు. బండ్లు ఎప్పుడు పడితె అప్పుడు ఉండవు, టైము చూస్కొని పోవాలె. టికెట్ కూడా అగ్గువనే. పిల్లలకి సగం ఆట రైల్లనే అయిపోతది. మా చిన్నోడు కిటికీ కడ్డీలు రెండు చేతులతోని పట్టుకొని, స్టేషన్ వచ్చినప్పుడల్లా "బాయ్ ట్రైన్" అంటడు. తను ఎక్కిన బండికే బాయ్ చెప్తడు.

పార్కుల గడ్డి ఉన్నది, నీడ ఉన్నది, పెద్ద జాతీయ జెండా ఉన్నది. జెండా గాలికి ఊగుతుంటె పిల్లలు మెడలు పైకెత్తి అట్లనే వెనకకి పడిపోతరు. ఒక పాత దుప్పటి, మంచినీళ్ళు, ఒక టిఫిన్ డబ్బా. పెద్ద ప్లాన్ ఏం లేదు. ఒకామె పిల్లల్ని చూస్తది, ఇద్దరం మాట్లాడుకుంటం. పది నిమిషాలకి ఇంకొకామె లేస్తది. గిట్ల వంతులు పెట్టుకుంటేనే నోరార మాట్లాడుకునుడు అయితది. లేకుంటే ముగ్గురం ముగ్గురి వెనక ఉరుకుడే, ఒక్క మాట పూర్తి కాదు.

నల్లగండ్ల_అమ్మ | ఆదివారం సాయంత్రం 4:10

వంతుల ఆలోచన అద్భుతం అక్కా. నాకు కావలసింది సరిగ్గా ఇదే. మాకు లింగంపల్లి స్టేషన్ దగ్గరే, కానీ ఇప్పటిదాకా ఎంఎంటీఎస్ ఎక్కలేదు.

చింటూ_వాళ్ళ_నాన్న | ఆదివారం సాయంత్రం 4:45

మీ వైపు నుంచి కొత్తగూడ బొటానికల్ గార్డెన్ కూడా దగ్గరే. 274 ఎకరాలు. పొద్దున్నే వెళ్తే వాకింగ్ వాళ్ళు తప్ప రద్దీ ఉండదు. జూ మాత్రం ఈ వయసుకి నడక చాలా ఎక్కువ. వెళ్తే టాయ్ ట్రైన్ ఎక్కి, ఏనుగుని చూసి వచ్చెయ్యండి. సోమవారం సెలవు.

ఒక విన్నపం. నాన్నల్ని కూడా పిలవండి. మా గ్రూపులో మొదట్లో అందరూ అమ్మలే. నేను పాప డ్రెస్సుల మాటల మధ్య ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. తర్వాత నెలకో ఆదివారం నాన్నల వంతు అనుకున్నాం. అమ్మలు రారు. డయపర్ సంచి సర్దడం నుంచి అన్నీ మేమే. సంచిలో ఏముండాలో ఫోన్ చేసి అడగకూడదన్నది రూలు. అమ్మలు ఆ టైములో ఏం చేస్తారని అడిగితే మా ఆవిడ "నిద్రపోతాం" అంది.

డబల్_డ్యూటీ | ఆదివారం సాయంత్రం 5:20

మీ ఆవిడకి నా నమస్కారాలు.

ఆటలు ఏంటని అడిగారు కదా నల్లగండ్ల గారూ, వానపడి ఇంట్లోనే ఉండాల్సొస్తే మా ఇంట్లో నడిచేవి రెండే. ఒకటి చపాతీ పిండి. కాస్త పసుపు కలిపిన ముద్ద ఒకటి, బీట్‌రూట్ రసం పోసిన ముద్ద ఒకటి. అప్పడాల కర్ర, మూతలు, చెంచాలు ఇచ్చేస్తే చాలు. నోట్లో పెట్టుకున్నా కంగారు లేదు. ఆ పసుపు బట్టలకి అంటుకుంటుంది, పాత చొక్కాలు వేసి పంపమని ముందే చెప్పండి.

రెండోది నీళ్ళు. బాల్కనీలో పెద్ద టబ్బులో బెత్తెడు నీళ్ళు, స్టీలు గ్లాసులు, టీ వడకట్టు, గరిటె. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తూ గంట సేపైనా ఉంటారు. కానీ పెద్దవాళ్ళలో ఒకరు టబ్బు పక్కనే పీట వేసుకుని కూర్చోవాలి, కాలింగ్ బెల్ మోగినా లేవకూడదు. బెత్తెడు నీళ్ళు కూడా ప్రమాదమే. అయిపోగానే టబ్బు బోర్లించేయండి.

గిన్నెలు, గరిటెలతో బ్యాండు కొట్టించే ఆలోచన ఉంటే కింద ఫ్లాటువాళ్ళకి ముందు ఒక డబ్బా స్వీటు పంపండి.

ఇవి కాక ఒప్పులకుప్ప మీరే చేతులు పట్టుకుని మెల్లిగా తిప్పండి. గుడుగుడుగుంచం అయితే ఇంకా సులువు, కూర్చునే ఆడొచ్చు. తల్లులు కూడా కూర్చున్నచోట నుంచి లేవక్కర్లేదు 😄

సీతాఫల్‌మండి_తాతయ్య | ఆదివారం సాయంత్రం 6:00

గుడుగుడుగుంచం అంటే నేను సిద్ధం. మా మనవరాలికి మూడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం చూపించడానికి తీసుకెళ్ళాను కిందటి నెల. గంట కొట్టే వేళకి చిన్న తలుపు తీసుకుని గడ్డం బొమ్మ బయటికొస్తుంది కదా, అది చూసి నా గడ్డం పట్టుకుని లాగింది. పన్నెండింటికి వెళ్తే పన్నెండు కొడుతుంది గానీ జనం ఎక్కువ, భుజమ్మీద ఎక్కించుకోవాలి. పదకొండింటికి వెళ్ళండి. శుక్రవారం సెలవు.

మామ్మగారు బియ్యం ఏరే ఆడవాళ్ళ గురించి రాసింది చదివి మా ఆవిడ "ఇన్నేళ్ళకి ఎవరో ఒకరు చెప్పారు" అన్నది.

తార్నాక_తల్లి | ఆదివారం రాత్రి 9:30

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నా. మా పాపకి మూడు దాటింది. ఇంకా మాటలు రాలేదు, గట్టి శబ్దాలకి చెవులు మూసుకుంటుంది. థెరపీ జరుగుతోంది. మొదట్లో అపార్ట్‌మెంట్లో పిలిచేవాళ్ళు. పాప ఒక మూలన కూర్చుని మూతలు తిప్పుకుంటుంటే "ఏమైంది, ఎందుకు రావట్లేదు" అని అందరూ అడగడం, నేను జవాబు చెప్పడం. తర్వాత పిలుపులే ఆగిపోయాయి. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఏం చెయ్యాలో తెలీక పిలవలేదు.

మీలో ఎవరి గ్రూపులోనైనా ఇలాంటి పిల్ల ఉంటే తల్లికి ముందు ఒక మెసేజ్ పెట్టండి, "పాపకి ఏది ఇబ్బంది, ఏది ఇష్టం" అని. మా పాప విషయంలో పాటలు పెట్టకపోతే చాలు, నీళ్ళ ఆట అంటే ప్రాణం. ఆ డబల్ గారి టబ్బు దగ్గర కూర్చోబెడితే ఎవరి పక్కనైనా హాయిగా ఉంటుంది.

పిల్లల_సిస్టర్ | ఆదివారం రాత్రి 9:55

తల్లీ, రాసినందుకు థాంక్స్.

మిగతావాళ్ళకి ఒక మాట. రెండేళ్ళు నిండేసరికి "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలిపి రాకపోతే, పేరు పిలిస్తే తిరిగి చూడకపోతే, వచ్చిన మాటలు పోతుంటే "మగపిల్లలకి లేటుగా వస్తాయి", "ఒక్కడే ఉన్నాడు కదా, నలుగురిలో పడితే అదే వస్తుంది" అని ఆగకండి. ప్లేడేట్ దానికి మందు కాదు. పిల్లల డాక్టరుకి చూపించి, వినికిడి పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, చిన్న పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్నప్పుడే మొదలుపెట్టే థెరపీ) సేవలున్నాయి. సిగ్గుపడి చున్నీ వెనక దాక్కోవడం వేరు, అది ఈ వయసులో మామూలే.

బోరబండ_అమ్మ | ఆదివారం రాత్రి 10:05

తార్నాక అక్కా, మీరు మాతోని సంజీవయ్య పార్కుకి రండి. పాటలు ఉండవు. దుప్పటి మీద ఒక మూల మీ పాపదే.

తార్నాక_తల్లి | ఆదివారం రాత్రి 10:20

వస్తాం.

కూకట్‌పల్లి_కొత్తమ్మ | సోమవారం ఉదయం 7:15

మధ్యలో దూరుతున్నా. మా పాప కొరుకుతుంది! ఇరవై నెలలు. పార్కులో పక్క బాబు చెంప కొరికింది, పళ్ళ గుర్తులు పడ్డాయి. వాళ్ళమ్మ ఏమీ అనలేదు గానీ నాకు తల ఎత్తుకోలేనట్టయింది. "తిరిగి నువ్వు కొరికి చూపించు, నొప్పి తెలుస్తుంది" అని మా అత్తయ్య అంటున్నారు.

మల్కాజిగిరి_మామ్మ | సోమవారం ఉదయం 7:40

అత్తగారికి చెప్పు, నువ్వు కొరికితే పెద్దవాళ్ళు కూడా కొరుకుతారని నేర్చుకుంటుంది, అంతే. ఈ వయసులో చాలామంది కొరుకుతారమ్మా, మాట చాలక. వెంటనే విడదీసి, గట్టిగా "కొరక్కూడదు, బాబుకి నొప్పి" అని ఒక్కసారి చెప్పి, ముందు ఆ బాబుని చూడు, నీ పిల్లని కాదు. ఎప్పుడు కొరుకుతోందో కనిపెట్టు. మా మనవడికైతే ఆకలి వేళ, మరీ దగ్గరగా ఎవరైనా వచ్చినప్పుడు. ఆ రెండూ తప్పిస్తే సగం తగ్గింది.

డబల్_డ్యూటీ | సోమవారం ఉదయం 8:05

మావాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు కొరుక్కుంటారు. బయటివాళ్ళకి మిగల్చరు.

నల్లగండ్ల_అమ్మ | సోమవారం మధ్యాహ్నం 1:10

నిన్న సాయంత్రం ఆయమ్మతో కలిసి లాన్‌లోకి దిగాను. కుందేలు చెప్పుల పాప వాళ్ళ అమ్మమ్మ దొరికారు. పాప వాళ్ళమ్మ కూడా నాలాగే కొత్త, విజయవాడ నుంచి వచ్చారట. బుధవారం పొద్దున ఇద్దరికీ ఇంటినుంచే పని, అందుకని మా ఇంట్లో 10 నుంచి 11:30. చపాతీ పిండి, ఇడ్లీ ముక్కలు, టీ, పెద్దవాళ్ళకి ఉస్మానియా బిస్కెట్లు. ఫోన్లు ఫ్రిజ్ మీద. ఇద్దరు ఆయమ్మలూ ఉంటారు, కుర్చీలు అందరికీ. లిఫ్టువాళ్ళని వచ్చే నెల చూస్తా.

బోరబండ అక్కా, మీ రైలు ప్లాన్‌లో మమ్మల్ని కూడా కలుపుతారా? వచ్చే ఆదివారం అయితే మావారు కూడా వస్తానన్నారు.

సీతాఫల్‌మండి_తాతయ్య | సోమవారం మధ్యాహ్నం 1:45

వచ్చే ఆదివారం లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ వైపు రోడ్లు మళ్ళిస్తారు, రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి. చిన్న పిల్లలతో వద్దు. ఆ పై ఆదివారం పాతబస్తీలో లాల్‌దర్వాజ బోనాలు, ఫలక్‌నుమా వెళ్ళే బండ్లన్నీ అదే పరిస్థితి.

బోరబండ_అమ్మ | సోమవారం మధ్యాహ్నం 2:00

అవును తాతా, మేము కూడ బోనం ఎత్తుతం, ఆదివారాలు కుదరదు. పై శనివారం పెట్టుకుందాం. బండి టైము శుక్రవారం చూసి ఇక్కడ్నే పెడ్త. నల్లగండ్లోళ్ళు లింగంపల్లిల ఎక్కి లేడీస్ డబ్బాల నాలుగు సీట్లు ఆపండి, మేము బోరబండల ఎక్కుతం. తార్నాక అక్కా, మీరు సీదా పార్కు గేటు కాడికి రండి. నాన్నలు పక్క డబ్బా. సంచులు వాళ్ళ దగ్గరనే.

నిద్రలేని_నాన్న | సోమవారం మధ్యాహ్నం 2:10

నాన్నల డబ్బాల నాకు ఒక సీటు ఆపున్రి. వాన పడితే ఏంది ప్లాన్?

బోరబండ_అమ్మ | సోమవారం మధ్యాహ్నం 2:12

వాన పడితే దిగకుండ ఫలక్‌నుమా దాక పొయ్యి అదే బండిల వాపస్ వస్తం.